నాలుగో వరుస

లోవరాజుకి ఉన్న బాధల్లా ఒక్కటే. పుస్తకం పూర్తయిందని గవర్రాజు మేస్త్రి ఒప్పుకోవడం లేదు.

కడియపులంక పూలబజారు దాటి కాస్త ముందుకొస్తే హైవే పక్కన గవర్రాజు మేస్త్రి షెడ్డు కనిపిస్తుంది. కార్లకీ వ్యాన్లకీ కరెంటు పని చేస్తారు అక్కడ. ఇప్పటి బండ్లన్నీ బుర్ర ఉన్న బండ్లు కదా, ప్రతిదాంట్లోనూ ఎక్కడో ఒకచోట అరచేతంత రేకు పెట్టె ఒకటి దాక్కుని ఉంటుంది. ఇంజను ఎప్పుడు ఎంత తాగాలో, ఎప్పుడు అంటుకోవాలో చెప్పేది అదే. చదువుకున్నవాళ్ళు దాన్ని ఈసీఎం అంటారు. గవర్రాజు ఉత్తినే పెట్టె అంటాడు. ఒక కంపెనీ దాన్ని డాష్‌బోర్డు వెనక పెడుతుంది, ఇంకొకటి బ్యాటరీ పక్కన, మరొకటి సీటు కింద. ఎక్కడుందో తెలియకపోతే సగం పూట వెతుకులాటకే సరిపోతుంది.

ఆ వెతుకులాటే లేకుండా చేద్దామని లోవరాజు ఆరేళ్ళుగా ఒక పుస్తకం రాస్తున్నాడు. డిప్లొమా చదివినవాడు, చేతిరాత ముచ్చటగా ఉంటుంది. పేజీకొక బండి, బండికి మూడు వరుసలు. మొదటి వరుసలో బండి పేరు, రెండో దాంట్లో పెట్టె ఉండే చోటు, మూడో దాంట్లో దాన్ని విప్పే తీరు. పక్కన పెన్సిలుతో బొమ్మ. ఇప్పటికి రెండువందల పన్నెండు బండ్లయ్యాయి.

"ఆ పుస్తకమేదో పూర్తిచెయ్యరా నాన్నా. పూర్తయిన రోజున మీ తుని వెళ్ళి సొంత షెడ్డు పెట్టుకుందువుగాని. నేనే వచ్చి కొబ్బరికాయ కొడతాను" అని మొదట్లో ఎప్పుడో గవర్రాజు నవ్వుతూ అన్నాడు. లోవరాజు ఆ మాట పట్టుకుని కూర్చున్నాడు. రాజమండ్రిలో ఎర్ర కాలికో గుడ్డ అట్ట వేయించి, దాని మీద బంగారు రంగు అక్షరాలతో తన పేరు అచ్చు కొట్టించాలని అతని కోరిక. తునిలో షెడ్డు కోసం చోటు కూడా చూసుకున్నాడు. మేస్త్రి ఒక్కసారి "ఊఁ" అంటే చాలు.

ఆ ఊఁ రావడం లేదు. మొదటిసారి పుస్తకం చేతికిస్తే గవర్రాజు చేతులు తుడుచుకుని, చివరి కాగితాల దాకా తిప్పి, "ఇవి ఖాళీగా ఉన్నాయేంట్రా?" అన్నాడు. ఆయనకి చదువు రాదు. ఖాళీ అంటే ఖాళీ అని మాత్రం తెలుసు.

"అవి మిగిలిపోయిన కాగితాలు గురువుగారూ."

"మిగిలాయంటే అవ్వలేదనేగా?"

రెండోసారీ అదే మాట. మూడోసారికి లోవరాజుకి ఒళ్ళు మండి, ఆ ఖాళీ కాగితాలన్నీ చింపేసి తీసుకెళ్ళాడు. గవర్రాజు చింపిన అంచుల మీద బొటనవేలితో రాసి చూసి, "పాపం, ఇవేం చేశాయిరా నిన్ను?" అని పుస్తకం తిరిగిచ్చేశాడు. ఆ రోజు లోవరాజు అన్నం తిననని మొండికేస్తే, గవర్రాజు క్యారేజీ విప్పి, తన గిన్నెలోని గుడ్డు కూడా వాడి కంచంలో వేసి, తినేదాకా ఎదురుగా కూర్చున్నాడు. మనిషి మీద అంత ప్రేమ ఉన్నవాడు ఒక్క మాట దగ్గర ఇంత పిసినారి ఎందుకయ్యాడో లోవరాజుకి అర్థమయ్యేది కాదు.

ఇదిలా ఉండగా, ఒక మధ్యాహ్నం గవర్రాజు భోజనానికి ఇంటికెళ్ళినప్పుడు, ట్రాక్టరొకటి తాడు కట్టి తెల్ల వ్యానుని లాక్కొచ్చి షెడ్డు ముందు వదిలింది.

ఎడమ పక్క నుంచి మంగతాయారు దిగింది. పూలబజారులో ఆవిడని ఎరగనివాళ్ళు లేరు. మూడేళ్ళ క్రితం భర్త పోయినా పూల వ్యాపారం ఒక్కరోజు ఆపకుండా నడుపుకొస్తున్న మనిషి. స్టీరింగు ముందు నుంచి సింహాద్రి దిగాడు. అరవై దాటాయి. పదకొండేళ్ళుగా ఆ వ్యాను నడుపుతున్నాడు. మాట తక్కువ, మర్యాద ఎక్కువ.

"రామచంద్రపురంలో పెళ్ళి బాబూ" అంది మంగతాయారు. "సాయంత్రానికల్లా మండపానికి పూలు అందాలి. నిన్న సాయంత్రం వచ్చేటప్పుడు దారిలో రెండుసార్లు ఆగి మళ్ళీ కదిలింది. పొద్దున బుట్టలన్నీ ఎక్కించాక చూస్తే అసలు స్టార్టే అవలేదు. మేస్త్రిగారు లేరా?"

"నేనున్నానుగా అండి" అన్నాడు లోవరాజు, కొంచెం నొచ్చుకుని.

వ్యాను నిండా తడిగుడ్డలు కప్పిన పూలబుట్టలు. ఎడమ సీటు దగ్గర కూడా ఒకటి. దాని అడుగు నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. మంగతాయారు సింహాద్రి వైపు తిరిగి, "పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు నువ్వు. వెళ్ళి ఏమన్నా తిని రా" అంది. ఆయన తల ఊపి రోడ్డుకి అవతలున్న హోటలు వైపు వెళ్ళాడు.

లోవరాజు బండి లోపాలు చదివే ట్యాబు తెచ్చి వైరు తగిలించాడు. వ్యాను పలకలేదు. పెట్టె నుంచి జవాబే లేదు. సరేనని పుస్తకం తెరిచాడు. నూట పదిహేడో పేజీ. ఎడమ సీటు కింద, రెండు మరలు. మంగతాయారు వినేటట్టు పైకే చదివాడు. బుట్ట దింపి, సీటు లేపాడు.

పెట్టె లేదు.

దాన్ని బిగించే రేకు పట్టీ మాత్రం ఉంది. మరలు లేవు. కనీసం వైర్లు కూడా లేవు. కింద కార్పెట్‌కి గోనెసంచికి వేసినట్టు ఒక ముతక కుట్టు కనిపించింది గానీ, లోవరాజు దాన్ని చూసీ చూడనట్టు వదిలేశాడు. పెట్టె ఉండాల్సిన చోటు ఆ రేకు పట్టీ. పుస్తకంలో ఉన్న చోటు అది. అక్కడ లేదంటే ఎవరో తీశారన్నమాటే.

"అమ్మగారూ, రాత్రి బండి ఎక్కడ పెట్టారండి?"

"మా షెడ్డులోనే."

"ఈసీఎం ఎత్తుకుపోయారండి. అద్దం పగల్లేదు, తలుపు పగల్లేదు, వైర్లతో సహా నీటుగా తీసుకుపోయారు. బండి గురించి బాగా తెలిసినవాడి పనే. తాళాలు ఎవరి దగ్గరుంటాయండి?"

అడిగేశాడు. నోరు ఊరికే ఉండదు కదా, తెలివైన మాట దొరికిందంటే అనకుండా ఎలా ఉంటుంది?

మంగతాయారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "సింహాద్రి దగ్గరే" అంది.

అప్పుడే సింహాద్రి రోడ్డు దాటి వస్తున్నాడు. చేతిలో ఆకులో కట్టిన పొట్లం ఉంది. "మీరూ ఏం తినలేదు కదండి. ఇడ్లీ" అని ఆవిడకి అందించబోయాడు.

ఆవిడ పుచ్చుకోలేదు. దొంగతనమన్న మాట నోటితో అనలేకపోయింది. నేల చూస్తూ, "తాళాలు ఇచ్చెయ్యి సింహాద్రీ. రేపట్నుంచి రానక్కర్లేదు" అని మాత్రం అంది.

సింహాద్రి ఆవిడని చూశాడు, లేపి ఉన్న సీటుని చూశాడు, లోవరాజుని చూశాడు. ఎందుకని అడగలేదు. ఇడ్లీ పొట్లం బండి ముందు భాగం మీద పెట్టి, దాని పక్కనే తాళాలు పెట్టి, "అలాగేనండి" అన్నాడు. గేటు దగ్గర పాత టైర్లు పేర్చి ఉంటే వెళ్ళి ఒకదాని మీద కూర్చున్నాడు.

కాసేపటికి గవర్రాజు వచ్చాడు, లోవరాజుకి క్యారేజీ పట్టుకుని. గేటు దగ్గర కూర్చున్న మనిషిని చూశాడు. బండి మీద ఇడ్లీ పొట్లాన్ని చూశాడు. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డ మంగతాయారుని చూశాడు. క్యారేజీ బల్ల మీద పెట్టి, "ఏం జరిగిందిరా?" అన్నాడు.

లోవరాజు అంతా చెప్పాడు. పేజీ నెంబరుతో సహా చెప్పాడు. చెబుతుంటే తన మాటలు తనకే భేషుగ్గా వినిపించాయి.

గవర్రాజు బండి దగ్గరికి నడిచాడు. ఎడమ తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఆ రేకు పట్టీ మీద వేలితో రాశాడు. వేలికి తుప్పు అంటింది. జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, మర ఉండాల్సిన కన్నంలో పెట్టి మెల్లిగా తిప్పాడు. మట్టీ తుప్పూ రాలాయి. వాటితోపాటు ఎండిపోయినదేదో చిన్నది ఊడి వచ్చింది.

"చెయ్యి పట్టు."

లోవరాజు అరచెయ్యి చాపాడు. గవర్రాజు దాన్ని అందులో పెట్టాడు.

"ఏంటిది?"

"చెత్తండి."

"తాయారమ్మగారికి చూపించు."

మంగతాయారు లోవరాజు అరచేతిలోకి వంగి చూసింది. పుట్టి బుద్ధెరిగి పూల మధ్యే ఉన్న మనిషి. ఎండినా, నలిగినా, మట్టి కొట్టుకున్నా ఆవిడకి తెలియని పువ్వుండదు. "చిట్టి చేమంతి" అంది వెంటనే.

"ఇది నా బండిలో ఎక్కడిదండి? చిట్టి చేమంతి మానేసి మూడేళ్ళవుతోంది. ఆయన పోయాక ఆ సరుకు ఒక్క బుట్ట కూడా ఎత్తలేదు నేను. మూడేళ్ళ..."

ఆవిడ మాట సగంలో ఆగింది. లోవరాజు అరచేతిలోని పువ్వు వైపే చూస్తూ నిలబడిపోయాడు. మర బిగించి ఉన్న కన్నంలోకి పువ్వు ఎలా దూరుతుంది? అంటే మూడేళ్ళ నాడే అక్కడ మర లేదు. మర లేదంటే పెట్టె లేదు. మరి మూడేళ్ళూ ఈ బండి రోజూ తెల్లవారకుండానే పూలు వేసుకుని తిరిగింది కదా!

"గురువుగారూ" అన్నాడు.

గవర్రాజు గడ్డంతో గేటు వైపు చూపించాడు.

"నేనా అండి?"

"నువ్వే."

షెడ్డు నుంచి గేటు ఎంత దూరం, నలభై అడుగులుంటుంది. లోవరాజుకి తుని దాకా నడిచినట్టయింది. సింహాద్రి తల ఎత్తలేదు. నిలబడి అడగడానికి సిగ్గేసి, ఎదురుగా మట్టిలో గొంతుక్కూర్చున్నాడు.

"బాబాయ్, ఎడమ సీటు కింద ఒక పెట్టె ఉండేది. మీకేమన్నా తెలుసా?"

"రేకు పెట్టా? తీగలన్నీ ఒక నల్ల గొట్టంలోంచి వస్తాయి, అదేనా?"

"ఆయ్, అదే."

"నా ఎనకాలుందండి."

"వెనకాలంటే?"

"నా సీటెనకాల. నా ఈపుకి ఆనుకుని ఉంటదండి" అన్నాడు సింహాద్రి, ఇదేం ప్రశ్న అన్నట్టు. "ఎడం పక్క అమ్మగారు బుట్టలెడతారు. తడిగుడ్డలోంచి నీళ్ళు కారి దాని మీదే పడేవి. నీళ్ళు తగిలితే పాడవుద్దని అయ్యగారు ఒకపాలి అన్నారండి. అయ్యగారు పోయే ముందు సంగతి. అందుకని మరలూడదీసి, తీగలు కార్పెట్టు కిందనుంచి లాగి, అటేపు ఎట్టేను. కోసిన చోట దబ్బనంతో కుట్టేను కూడానండి."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరడిగేరండి?"

సింహాద్రి లోవరాజు ముఖంలోకి చూశాడు. తర్వాత వ్యాను వైపు, తర్వాత మంగతాయారు వైపు.

"అందుకా" అన్నాడు.

ఆ ఒక్క మాటకి లోవరాజు తల వాలిపోయింది. తిట్టినా, చెయ్యి చేసుకున్నా బాగుండేదనిపించింది. సింహాద్రి మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచి, "రండి బాబూ, సూపిత్తాను. పూలు వాడిపోతాయి" అని ముందు నడిచాడు.

పెట్టె సీటు వెనకాలే ఉంది. పూలకి కట్టే తెల్ల పాలిథిన్ కవరులో చుట్టి, అరటినారతో నాలుగు వైపులా బిగించి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పాత తువ్వాలు మడత మీద పెట్టి ఉంది. కవరు మీద మూడు పసుపు మచ్చలు, ఒక్కోదాని నడుమ కుంకుమ బొట్టు.

"దసరాకి బండికెట్టినప్పుడు దీనికీ ఒకటెడతానండి" అన్నాడు సింహాద్రి కొంచెం సిగ్గుపడి. "అయ్యగారు పోయాక మూడు దసరాలైనాయి."

మంగతాయారు వెనక్కి తిరిగి బుట్టల మీద గుడ్డలు సర్దడం మొదలెట్టింది. సర్దాల్సినవేం లేవు.

గవర్రాజు అరటినార విప్పాడు. తెంపలేదు, ముడి విప్పాడు. కవరు లోపలంతా సన్నటి నీటి బిందువులు. పెట్టెకి పుట్టిన వేడికి లోపలి గాలి చెమ్మగిల్లి, బయటికి పోయే దారి లేక, తీగలు కలిసే చోట పచ్చగా చిలుం పట్టేసింది. బండి నిన్న ఆగి కదిలింది అందుకే, ఇవాళ కదలనిది కూడా అందుకే.

చూడగానే సింహాద్రి ముఖం చిన్నబోయింది. "అయితే నా కవరే కొంప ముంచిందన్నమాట. నేనే పాడుసేసేనండి."

"తప్పు కవరుది సింహాద్రిగారూ" అన్నాడు గవర్రాజు. "కట్టిన చేతిది కాదు."

లోవరాజు బ్రష్షు తెచ్చాడు. గురువు పట్టుకుంటే శిష్యుడు చిలుం గీకాడు. ఒక్కో తీగ మొనా తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ కూర్చారు. గవర్రాజు పాత కవరు పారేయలేదు. బొట్లు ఉన్న వైపు పైకి ఉండేట్టు మళ్ళీ చుట్టి, అడుగున కత్తెరతో ఒక మూల కత్తిరించాడు. "గాలాడాలి" అని, ముడి వెయ్యమని అరటినార సింహాద్రి చేతికే ఇచ్చాడు.

బండి మొదటి తిప్పుకే అందుకుంది.

మంగతాయారు తాళాలు పట్టుకుని సింహాద్రి ఎదురుగా నిలబడింది. రోజుకి నూరుమందితో బేరాలాడే మనిషికి ఒక్క మాట కుదరలేదు. "ఆయన పోయాక ఒక్క పొద్దు కూడా నువ్వు నన్ను బజారుకి ఆలస్యం చెయ్యలేదు. నేనేమో..." అని ఏడ్చేసింది. దాచుకోకుండా, షెడ్డులో అందరి ముందూ ఏడ్చింది.

సింహాద్రి తాళాలు తీసుకున్నాడు. బండి మీద చల్లారిపోయిన ఇడ్లీ పొట్లం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "దారిలో తిందురుగాని. ఎక్కండమ్మగారూ, పెళ్ళోళ్ళు కాసుక్కూకుంటారు."

లోవరాజు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "నోరు జారాను బాబాయ్. తెలియకుండా అంత మాట అనేశాను. క్షమించండి."

"ఊరుకోండి బాబూ" అన్నాడు సింహాద్రి. బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకం ఆయన కంట్లో పడింది. "అందులో మా బండి కూడా ఉందా?"

"ఉందండి."

"ఏం రాసేరు?"

"ఎడమ సీటు కింద అని."

సింహాద్రి ఒక్క క్షణం ఆలోచించాడు. "రైటేనండి. కొన్నప్పుడు అక్కడే ఉండేది" అని గేరు వేశాడు. ఆయన ఎగతాళికి అనలేదు, నిజంగానే పుస్తకాన్ని వెనకేసుకొచ్చాడు. లోవరాజుకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

ఆ తర్వాత నాలుగు రోజులు లోవరాజు పుస్తకం ఊసెత్తలేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక బల్ల దగ్గర స్కేలు పెట్టుకుని ఏదో గీస్తూ కూర్చునేవాడు. గవర్రాజు పక్క బెంచీ మీద నడుం వాల్చి, కళ్ళు మూసుకుని, నిద్రపోతున్నట్టు ఉండేవాడు. అయిదో రోజున కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"ఏం గీస్తున్నావురా నాలుగు రోజుల్నుంచీ?"

"ఏం లేదండి. ప్రతి పేజీకీ ఇంకో వరుస పెడుతున్నాను. నాలుగోది."

"చదువు."

లోవరాజు నూట పదిహేడో పేజీ తీశాడు. బండి పేరు చదివాడు. "పెట్టె ఉండే చోటు, ఎడమ సీటు కింద. విప్పే తీరు, రెండు మరలు." కొంచెం ఆగాడు. "నడిపే మనిషి, సింహాద్రిగారు."

గవర్రాజు లేచి కూర్చున్నాడు. "తర్వాతి పేజీ?"

"నడిపే మనిషి, ఖాళీ అండి."

"దాని తర్వాతది?"

"అదీ ఖాళీయే. దాని ముందుదీ ఖాళీయే." లోవరాజు పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "రెండువందల పదకొండు ఖాళీలండి. ఒకే రకం బండ్లు పది వస్తే పదిమందిని రాయాలి. ఇది ఇప్పట్లో అయ్యేది కాదు గురువుగారూ. ఎప్పటికీ అయ్యేట్టు లేదు."

గవర్రాజు చేతులు తువ్వాలుతో శుభ్రంగా తుడుచుకుని పుస్తకం అడిగి తీసుకున్నాడు. ఈసారి చివరి కాగితాలు చూడలేదు. చింపిన అంచుల మీద ఒకసారి బొటనవేలితో రాసి, దాన్ని లోవరాజు చేతిలో పెట్టాడు. ఇచ్చాక కూడా చెయ్యి దాని మీద నుంచి కాసేపటి దాకా తియ్యలేదు.

"అయితే ఇంక అట్ట వేయించరా నాన్నా" అన్నాడు.